మూడో నంబరు విమానంలో తలుపు దీపం

విమానాలు బాగుచేసే హ్యాంగరులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. నిన్నగాక మొన్న చేరినవాళ్ల దగ్గర్నుంచి రేపోమాపో రిటైరయ్యేవాళ్ల దాకా అందరికీ ఆమె దీపాలక్క. పైలట్ల గదిలో వాళ్ల ఎదురుగా, నెత్తిమీద, మోకాళ్ల పక్కన ఉండే ఎర్రదీపాలు, పసుపు దీపాలు, అవి వెలగగానే మోగే గంటలు, ఆ పలకల వెనక జడలల్లినట్టు పోయే తీగలు, ఆ తీగల కొసన ఎక్కడో రెక్కలోనో తోకలోనో నక్కి కూర్చున్న సెన్సర్లు, ఇవన్నీ ఆమె పని. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కాగితం చూడకుండా చెప్పగలదు. వయసు నలభై ఏడు. చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు, మెడలో తాడుకు కట్టిన చిన్న టార్చి. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఆ టార్చి మెడలోనే వేలాడుతూ ఉండేది. "వంటింట్లో ట్యూబులైటు ఆర్నెల్లుగా టపటపలాడుతోంది. విమానాల దీపాలన్నీ అయ్యాక దాని వంతు ఎప్పుడొస్తుందో చెప్పమ్మాయ్," అని అత్తగారు దెప్పేది. కోడలు నవ్వేసి ఊరుకునేది.

ఆకాశం మీద మోజుతో వచ్చిన పని కాదిది. ఆమె తల్లి వరండాలో చాప వేసుకుని, కాలిపోయిన ఫ్యాను మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి బతుకు లాక్కొచ్చిన మనిషి. ఎనిమిదేళ్లు నిండేసరికే కూతురు పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేది. లెక్క తప్పితే తల్లి తిట్టేది కాదు, కొట్టేది కాదు. చుట్టిందంతా విప్పించి మళ్లీ మొదట్నుంచి చుట్టించేది. ఆ ఓపికే పిల్లను పాలిటెక్నిక్ దాటించింది, అప్రెంటిసుగా హ్యాంగరు గడప తొక్కించింది, ఇరవై నాలుగేళ్లు అక్కడ నిలబెట్టింది.

అయితే ఆ ఇరవై నాలుగేళ్లలో ఆమె చూసిన విమానాలన్నీ నిలబడి ఉన్నవే. చక్రాలకు చెక్కలు పెట్టి, ముక్కుకు ఎర్రగుడ్డ కట్టి, కదలకుండా బుద్ధిగా ఉన్నవే. పరీక్ష మీట నొక్కితే పలక మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగేవి. వదిలితే ఆరిపోయేవి. వెలగాల్సినప్పుడు వెలిగేది మంచి దీపం, వెలగకూడనప్పుడు వెలిగేది చెడ్డ దీపం. అవి ఎవరి కళ్ల ముందు, ఏ వేగంలో వెలుగుతాయో ఊహించుకోవాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. ప్రయాణికురాలిగా నాలుగైదుసార్లు ఎగిరింది, అదీ వెనక వరుసల్లో, కిటికీ లేని సీట్లో.

ఆ అవసరం మూడో నంబరు విమానం వల్ల వచ్చింది.

అది పాత విమానం. పరుగు తీసే సమయంలో చిన్నాచితకా హెచ్చరికలను దానంతటదే తొక్కిపట్టి, గాల్లోకి లేచాక చూపించే ఏర్పాటు కొత్త విమానాల్లో ఉంటుంది. దీనికి ఆ ముచ్చట లేదు. ఏం తోస్తే అది అప్పటికప్పుడు వెలిగించి గంట కొట్టేస్తుంది. ఆ నెలలో దానికి ఒక జబ్బు పట్టుకుంది. రన్‌వే మీద పరుగు మొదలుపెట్టిన కాసేపటికి, కడుపు కింద సామాన్ల అర తలుపు సరిగా మూసుకోలేదంటూ పసుపు దీపం వెలిగేది. పైలట్లు ఆపేసేవాళ్లు. వెనక్కి తెచ్చి చూస్తే తలుపు శుభ్రంగా మూసే ఉండేది. దీపాలక్క వెళ్లి సెన్సరు కొలిచేది, తీగలు కొలిచేది, తలుపు ఇరవైసార్లు తెరిచి మూసేది. దీపం కిక్కురుమనేది కాదు. సెన్సరును రెండుసార్లు మార్చింది. మూడుసార్లు లాగ్ బుక్కులో తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది: "తప్పుడు హెచ్చరిక. లోపమేదీ కనపడలేదు."

నాలుగోసారి ఆగాక హ్యాంగరు మేనేజరు ఆమెను పిలిచాడు. చెడ్డవాడేం కాదు, కానీ ఆ వారమంతా ఫోన్లు మోగి మోగి మనిషికి తలప్రాణం తోకకొచ్చింది.

"అక్కా, ఆ అబద్ధాలకోరు దీపాన్ని తీగ పీకి పక్కన పెట్టేసే దారి ఏదైనా ఉందా?"

"ఉంది. రూలు ఒప్పుకోదు."

"మరేం చేద్దాం?"

"అది నా ముందు వెలగడం లేదు. అది వెలిగే చోటికి నేను పోవాలి."

మేనేజరు పైలట్ల వెనకుండే మడత కుర్చీలో కూర్చోవడానికి అనుమతి తెప్పించాడు.

ఆ పొద్దున విమానం నడిపేది పెద్ద కెప్టెన్. యాభై తొమ్మిదేళ్లవాడు. అతను గొంతు పెంచగా విన్నవాళ్లు ఆ విమానాశ్రయంలో లేరు. పక్క సీట్లో మూడేళ్ల అనుభవమున్న అమ్మాయి, చిన్న పైలట్ అనేవాళ్లు. ప్రయాణికులు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. కెప్టెన్ కాగితపు కప్పులో టీ తెప్పించి ముందు దీపాలక్కకే ఇచ్చాడు.

"అమ్మా, ఒక్క మాట. పరుగు మొదలయ్యాక ఏం చూసినా, ఏం విన్నా మీరు నోరు మెదపకండి. మంట కనపడితే తప్ప."

"సరే సార్."

అప్పుడతను చిన్న పైలట్ వైపు తిరిగి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "వేగం ఎనభై లోపు ఏ దీపం వెలిగినా ఆపేస్తాను, తలుపు దీపమైనా సరే. ఎనభై దాటాక మంటకో, ఇంజను పోయినందుకో, ఇక ఇది ఎగరదని తేలిపోతేనో ఆపుతాను. తక్కినవి ఏవొచ్చినా పైకి తీసుకెళ్లి చూసుకుందాం. వీ వన్ దాటాక ఆగే ప్రశ్నే లేదు."

వీ వన్ అంటే ఆగాలా వద్దా తేల్చుకోవడానికి ఆఖరి హద్దని ఆమెకు తెలుసు. ఆ వేగం దాటాక బ్రేకు తొక్కితే మిగిలిన రన్‌వే చాలదు. ఇదంతా పుస్తకంలో చదివిందే. అయినా లోపల ఏదో గుచ్చుకుంది.

"ఆ దీపం అబద్ధమని అందరికీ తెలుసు కదా సార్. అయినా ఆపేస్తారా?"

"అబద్ధమని ఎవరికి తెలుసమ్మా?"

"లాగ్ బుక్కులో రాసుంది."

"ఎవరు రాశారు?"

చిన్న పైలట్ నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. కెప్టెన్ మాత్రం నవ్వలేదు.

"మీరు నిలబడ్డ విమానాన్ని చూసి రాశారు. అది తప్పు కాదు. నేను పరిగెత్తే విమానంలో ఉంటాను. అక్కడ నాకు దొరికేది రెండు సెకన్లు. అంతలో ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చేంత తెలివి నాకు లేదు, ఎవరికీ లేదు. అందుకే ఆలోచించడమేదో ఇక్కడే, టీ తాగుతూ, తీరిగ్గా చేసి పెట్టుకుంటాం. అక్కడికెళ్లాక కొత్తగా ఆలోచించం. ఇక్కడ అనుకున్నదే చేస్తాం."

ప్రయాణికులంతా ఎక్కాక విమానం కదిలింది. పైలట్లు సమయం కలిసొస్తుందని, ఎండిన రన్‌వేకి ఇబ్బంది లేదని, చివరిదాకా వెళ్లకుండా మధ్యదారి గుండా రన్‌వే ఎక్కి పరుగు మొదలుపెట్టారు. ఇంజన్ల హోరు వీపులోంచి దూరి ఛాతీలోకి వచ్చింది. ఎదుట తెల్లచారలు ఒకదాన్నొకటి మింగేస్తూ కిందికి జారిపోతున్నాయి. చక్రాల కింద ఏదో గట్టిగా దడదడలాడింది. ఆ దడ ఇంకా పూర్తిగా పోనేలేదు, పసుపు దీపం వెలిగింది, గంట మోగింది. ఇరవై నాలుగేళ్లు ఆ గంటను పరీక్ష మీట నొక్కి వినడమే తప్ప, ఇలా ఉలిక్కిపడి వినడం ఆమెకు అదే మొదలు. "స్టాప్," అన్నాడు కెప్టెన్. ఆ మాట ఆమె చెవిన పడేసరికే అతని చెయ్యి ఇంజన్ల మీటలను వెనక్కి లాగేసింది. పట్టీలు భుజాల్లో దిగబడ్డాయి. విమానం నిలబడింది. అప్పుడు వేగం అరవైకి అటూ ఇటూ ఉందంతే.

కెప్టెన్ మైకు తీసుకుని, పక్కింటాయనతో మాట్లాడినంత నింపాదిగా ప్రయాణికులకు సంగతి చెప్పాడు.

వెనక్కి తెచ్చాక ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తింది. కథ మళ్లీ మొదటికొచ్చింది. కొక్కేలన్నీ బిగిసే ఉన్నాయి, కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, దీపం ఆరిపోయి అమాయకంగా ఉంది. కెప్టెన్ కూడా దిగొచ్చి తలుపు అంచుల వెంట అరచేత్తో తడిమి చూశాడు. "ఏమంటారమ్మా?" అన్నాడు.

"తలుపు బిగిసే ఉంది సార్. నా కళ్లతో చూశాను."

ఆ మాట మీద, ఆమె సంతకం మీద, మధ్యాహ్నం మళ్లీ బయల్దేరారు, ఆమె మడత కుర్చీలోనే. ఈలోగా వాన పట్టుకుంది. కెప్టెన్ ఈసారి మధ్యదారి వద్దన్నాడు. తడి రన్‌వే కాబట్టి చివరిదాకా వెళ్లి మొదట్నుంచి మొదలుపెడదామన్నాడు. పొద్దున అప్పజెప్పిన పాఠాన్నే మళ్లీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. రోజూ చెప్పే మాటలే కదా అని విసుగు లేదు, తొందర లేదు. దానికి చిన్న పైలట్ కూడా మొదటిసారి విన్నట్టే తలూపింది.

విమానం కదిలింది. అద్దం మీద తుడుపులు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. "ఎనభై," అంది చిన్న పైలట్. "సరే," అన్నాడు కెప్టెన్. అతని కుడిచెయ్యి ఇంజన్ల మీటల మీద ఉంది. వేళ్లు బిగించలేదు, అలాగని వదల్లేదు, నిద్రపోతున్న పిల్ల వీపు మీద వేసిన చెయ్యిలా ఉంది. వంద. నూట పది. చక్రాల కింద దడదడమంది.

దీపం వెలిగింది. గంట మోగింది.

"తలుపు దీపం," అంది చిన్న పైలట్. ఆమె గొంతులో వణుకు లేదు.

"కంటిన్యూ," అన్నాడు కెప్టెన్.

ఆపితే ఈ తడిలో, ఈ వేగంలో టైర్లు పేలొచ్చు, పక్కకు జారొచ్చు. ఆపకపోతే, నిజంగా తలుపే ఊడుతుంటే? లోపల నూట పది మంది ఉన్నారు. ఇన్నాళ్లూ తను మార్చిన బల్బులు, అతికిన తీగలు, రాసిన సంతకాలు, అన్నీ వచ్చి చేరే చోటు ఇదన్నమాట. ఒక మనిషి చెయ్యి కింద, రెండు సెకన్ల సందులో.

"వీ వన్," అంది చిన్న పైలట్.

అప్పుడు కెప్టెన్ చేసిన పని ఆమె బతికున్నంతకాలం మర్చిపోలేదు. మీటల మీదున్న చెయ్యిని పైకెత్తి, అక్కడ్నుంచి తీసేశాడు. మరంతే. ఇక ఆపాలన్న ఆశ పుట్టినా, భయంతో చెయ్యి దానంతటది లాగేద్దామన్నా, అక్కడ చెయ్యే లేదు. దీపం వెలుగుతూనే ఉంది, గంట మోగుతూనే ఉంది. ఆ చెయ్యి మాత్రం రెండోదానితో కలిసి, ముందు ఉన్న చుక్కాని మీద కుదురుగా కూర్చుంది. ఒళ్లు జలదరించడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణాన తెలిసింది. అది భయం వల్ల కాదు. పెద్ద కొండ ముందుకు ఉన్నట్టుండి వచ్చి నిలబడితే కలిగేది ఉంటుందే, అది.

ముక్కు లేచింది. దడదడ ఒక్కసారిగా ఆగిపోయింది. వాన చుక్కలు అద్దం మీద అడ్డంగా పాకాయి.

చక్రాలు లోపలికి ముడుచుకునేదాకా, నాలుగు వందల అడుగులు దాటేదాకా ఆ ఇద్దరూ దీపం ఊసే ఎత్తలేదు. విమానాన్ని ఎగరేశారంతే. గంటను మాత్రం చిన్న పైలట్ ఒక వేలితో నొక్కి నోరు మూయించింది. ఆ తరవాతే పుస్తకం తీసి, చేయాల్సిన పనులు ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టింది. ఎక్కువ ఎత్తుకు పోలేదు. పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి తలుపును బయటికి తోస్తుంది కాబట్టి లోపల ఒత్తిడి పెంచకుండా, కిందికిందనే ఎగురుతూ ఉండిపోయారు.

అంతా కుదురుకున్నాక కెప్టెన్ తల కొద్దిగా వెనక్కి తిప్పాడు. "ఇప్పుడు మాట్లాడొచ్చమ్మా. మీకేమనిపిస్తోంది?"

సెన్సరు సార్, అబద్ధం సార్, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగుసార్లు అన్నమాటే, అలవాటైన మాటే. ఆ మాట అంటే అతను విని పైకి పోతాడేమోనని కాదు, అతను వినడని ఆమెకు తెలుసు. కానీ ఆ గదిలో కూర్చుని, తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడానికి నోరు రాలేదు.

"తెలీదు సార్."

"మంచిది. తెలీదు అనే అనుకుందాం," అన్నాడతను. వాళ్లు ఇంధనం ఖర్చయి విమానం బరువు తగ్గేదాకా నలభై నిమిషాలు మబ్బుల కింద చుట్లు కొట్టి, వెనక్కి తిరిగొచ్చి, దూదిమూట దించినట్టు విమానాన్ని దించారు.

దిగుతున్న ప్రయాణికుల్లో ఒక పెద్దావిడ, మెట్ల దగ్గర టార్చితో నిలబడ్డ దీపాలక్కను చూసి ఆగింది. "నువ్వేనా బాగుచేసేదానివి? మా ఇంట్లో ఫ్రిజ్జు కూడా ఇంతే. బల్బు పీకేశాం, పీడా పోయింది," అని సలహా ఇచ్చి మరీ వెళ్లింది. ఇంకో రోజైతే దీపాలక్క పకపకా నవ్వేది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భోజనం ముందు పెట్టుకుని కలుపుతూ కూర్చుంది తప్ప తినలేదు. భర్తకు మూడు వీధుల అవతల కళ్లజోళ్ల షాపు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఆమె ఆ చెయ్యి తీసేసిన సంగతి చెబుతుంటే అతను ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నాడు. అత్తగారు సగమే విని, "చెయ్యి తీసేశాడా? మరి బండెవరు తోలారే?" అని కంగారుపడింది.

"చుక్కాని చేతిలోనే ఉంది అత్తయ్యా. ఆగే మీట వదిలేశాడంతే."

"అదేం గుండెరా నాయనా," అంది ముసలావిడ, ముక్కు మీద వేలేసుకుని.

"అన్నిసార్లు చూశావు గదా, ఎలా చూస్తావు తలుపుని?" అని అడిగాడు భర్త.

"ఎలా చూడ్డమేంటండీ? మూసి, కొలిచి, దీపం చూస్తాం."

"విమానం నిలబడే ఉంటుందా?"

"ఉంటుంది మరి."

అతను ముద్ద నోట్లో పెట్టుకుని, మామూలు మాటగా అన్నాడు. "నిన్నొకాయన నాలుగోసారి వచ్చాడు షాపుకి, కళ్లజోడు జారుతోందని. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే అతికించినట్టుంది. ఈసారి ఎందుకో వీధి చివరిదాకా నడవమన్నాను. ఆ గతుకుల దగ్గర జారింది."

ఆమె కలపడం ఆపేసింది. చక్రాల కింద దడదడ. పొద్దునా దాని తరవాతే వెలిగింది, మధ్యాహ్నమూ దాని తరవాతే వెలిగింది. వేగాలు వేరు కాబట్టి రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ తట్టలేదు. చెయ్యి కడుక్కుని కెప్టెన్‌కు ఫోను చేసింది.

"సార్, రన్‌వే మీద ఆ దడదడ ఎక్కడిది?"

"పాత రన్‌వేని పొడిగించారమ్మా. కొత్త ముక్క అతికినచోట గతుకుంది. ఎందుకు?"

"మధ్యదారిలోంచి ఎక్కితే అది దగ్గర్లోనే తగులుతుంది. వేగం అరవైకి మించదు. చివర్నించి మొదలుపెడితే దూరంగా తగులుతుంది, అప్పటికి నూట పది దాటుతుంది. దీపం వేగాన్ని చూసి వెలగడం లేదు సార్, గతుకుని చూసి వెలుగుతోంది."

"అయితే అది ఏదో చెప్పాలనుకుంటోంది," అన్నాడు కెప్టెన్.

మర్నాడు పొద్దున్నే హ్యాంగరు ముందు జనం పోగయ్యారు. విమానాలను లాగే ట్రాక్టరు డ్రైవరు, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన, మూడో నంబరు విమానం ముక్కుకు కడ్డీ తగిలించాడు. హ్యాంగరు ముందు నేల మీద మురుగుకాల్వ ఇనుప జాలీలు వరసగా ఉంటాయి, వాటి మీదుగా ఎక్కించి దించమని దీపాలక్క చెప్పింది. తను సామాన్ల అరలోకి దూరింది. లోపల మనిషి కూర్చోవడానికి కూడా ఎత్తు చాలదు. తలుపును లోపలివైపు కప్పే రేకు విప్పించి, బోర్లా పడుకుని, గడియ కడ్డీ మీద టార్చి వేసింది. పైలట్ల గదిలో ఆమె కింద పనిచేసే టెక్నీషియన్ దీపాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరి చెవులకూ మాట్లాడుకునే యంత్రాలున్నాయి.

"పోనీ బాబాయ్."

విమానం కదిలింది. చక్రాలు జాలీ ఎక్కాయి. ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి మోచేతులు రేకుకి ఒరుసుకుని మండుతుంటే, పిచ్చిపనేమోనని ఆమెకే అనుమానం వచ్చింది. మేనేజరు బయట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఈసారి కాస్త జోరుగా."

నాలుగోసారి విమానం ఎగిరిపడింది. టార్చి వెలుగులో, కళ్ల ముందు జానెడు దూరంలో, గడియ కడ్డీ వరిగింజంత మేర పక్కకి జరిగింది. మణికట్టంత లావుపాటి ఉక్కు. ఊపిరి తీసుకున్నట్టు జరిగి, మళ్లీ ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చి కూర్చుంది. అదే క్షణంలో చెవిలో టెక్నీషియన్ గొంతు వినిపించింది. "వెలిగింది అక్కా. ఆరిపోయింది."

ఆమె ఆ ఇరుకులో, గ్రీజు వాసనలో, చెంప రేకుకి ఆనించి అలాగే పడుకుండిపోయింది. నెల రోజులుగా ఈ దీపం చెప్పింది నిజమే. వరిగింజంత నిజం. దాన్ని విన్నప్పుడల్లా అందరూ అబద్ధాలకోరు అన్నారు, అందరికంటే ముందు ఆమె అంది.

విప్పి చూస్తే కడ్డీ తిరిగే చోట లోపల తొడిగే ఉంగరంలాంటి బుష్షు సగానికి సగం అరిగిపోయి ఉంది. దాన్ని పట్టుకునే బిగింపులో వెంట్రుకంత చీలిక, రంగుమందు పూసి చూస్తే ఎర్రగా కనిపించింది. ఎనిమిది కొక్కేల్లో రెండు ఆ బిగింపు మీదే ఆధారపడ్డాయి. ఇంకెన్ని ప్రయాణాలు ఆగేదో, ముప్పై వేల అడుగుల ఎత్తున లోపలి గాలి తోస్తుంటే ఏమయ్యేదో లెక్కకట్టి చెప్పడం ఎవరికీ చేతకాలేదు. మేనేజరు పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"తీగ పీకేద్దామన్నాను అక్కా," అన్నాడు.

"నేను నాలుగుసార్లు సంతకం పెట్టాను," అంది ఆమె.

అదే రకం విమానాలు అక్కడ ఇంకో రెండున్నాయి. రెండింటినీ ఆ రోజే నిలిపేసి చూశారు. ఒకదానిలో బుష్షు అప్పుడే అరగడం మొదలుపెట్టింది. తయారుచేసినవాళ్లకు ఫొటోలతో సహా కబురు వెళ్లింది. కొన్నాళ్లకు ఆ రకం విమానాలున్న చోటల్లా ఆ తలుపులు విప్పి చూడమని కాగితం వచ్చింది. అందులో ఎవరి ఊసూ లేదు, భాగం నంబరు మాత్రం ఉంది. ఆ రోజు నుంచి దీపాలక్క లాగ్ బుక్కులో "తప్పుడు హెచ్చరిక" అని రాయడం మానేసింది. ఎంత వెతికినా ఏమీ దొరకనప్పుడు "కారణం ఇంకా తెలియలేదు" అని రాసేది. మొదట్లో ఆ మాట చూసి కొందరు విసుక్కున్నారు. తరవాత్తరవాత కింద పనిచేసేవాళ్లు కూడా అదే రాయడం మొదలుపెట్టారు.

కొత్త బిగింపు వేశాక మూడో నంబరు విమానాన్ని ప్రయాణికులు లేకుండా ఒకసారి ఎగరేసి చూడాలన్నారు. కెప్టెన్ ఆమెను మడత కుర్చీలో కూర్చోమన్నాడు. చివర్నించే మొదలుపెట్టారు. ఎనభై దాటింది. వంద దాటింది. అతుకు దగ్గర చక్రాలు దడదడలాడాయి. ఆమె చూపు తలుపు దీపం మీదే ఉంది. అది వెలగలేదు.

"వీ వన్."

చెయ్యి లేచింది. ఏ దీపమూ లేదు, ఏ గంటా లేదు, అయినా అది అలాగే లేచింది. చూసేవాళ్లుంటే ఒకలాగా, లేకపోతే ఒకలాగా కాదు. ముప్పై ఏళ్లుగా ప్రతి పరుగులోనూ, వెనక కూర్చున్న ఒక్కరికీ తెలియకుండా, అది ఇలాగే లేస్తోందన్నమాట. ఆమె పలక మీద నుంచి చూపు మరల్చి మొదటిసారి తీరిగ్గా ఎదుటి అద్దంలోంచి చూసింది. నేల ఒక పక్కకు ఒరిగి, ఇళ్లూ వీధులూ వాటిలో కదిలే బళ్లూ చిన్నవైపోతూ, అంత బరువున్న విమానం ఆకాశంలోకి ఎక్కుతోంది. ఈ విద్య ఎవరు కనిపెట్టారో అనుకుంది. ఇందులో తన చేతిపని కూడా ఉందన్న సంగతి అప్పటికి గాని ఆమెకు తట్టలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు కెప్టెన్ తల తిప్పకుండా.

"బాగుంది సార్," అంది.

దిగి హ్యాంగరుకి వచ్చేసరికి ఆమె బల్ల మీద మరో కాగితం పెట్టి ఉంది. ఐదో నంబరు విమానంలో ఇరవై రెండో వరుసలో చదువుకునే దీపం వెలగడం లేదట. ఆమె టార్చి మెడలో వేసుకుని, పెన్సిలు చెవి వెనక దోపుకుని అటు నడిచింది.